బోలు గాజు ఫైబర్ గురించి రాస్తున్న యువ రచయితకు

చి. రమ్యకు,

ఆశీస్సులు. లేజర్ కాంతిని మోసుకెళ్లే సన్నని బోలు గాజు గొట్టం, అంటే బోలు గాజు ఫైబర్, గురించి నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. వాక్యం ఎక్కడా తడబడలేదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. అయితే మొదటి పేరాలోనే ‘గాజు గుండా సాగే కాంతి’ అని రాశావు. చదివేవాళ్లు అక్కడే దారి తప్పుతారు.

తరంగదైర్ఘ్యం 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన కాస్తకే సిలికా గాజు పరారుణ కాంతిని మింగడం మొదలుపెడుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఇచ్చే 10.6 మైక్రాన్ల కాంతికి అది అసలు దారే ఇవ్వదు. ఈ ఫైబర్‌లో కాంతి నడిచేది గొట్టం లోపలి గాలిలో. గాజు పని లోపల నున్నగా ఉండటం, వంచితే విరగకపోవడం. కాంతిని గోడ దగ్గర తిప్పి పంపేవి లోపలి వెండి పూత, దాని మీది సిల్వర్ అయొడైడ్ (వెండి, అయొడిన్ కలిసిన పదార్థం) పొర. ఈ మాట మొదటే చెప్పు. తయారీలో ప్రతి మెట్టూ ఆ రెండు పొరల కోసమేనని తర్వాత దానంతటదే తెలుస్తుంది.

చరిత్రకు ఒక పేరా చాలు. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో రెండు పనులు జరిగాయి. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన సి. కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ తయారుచేశారు. మార్కాటిలి, ష్మెల్ట్‌జర్ అనే ఇద్దరు పరిశోధకులు బోలు గొట్టంలో కాంతి ఎంత నష్టపోతుందో లెక్కకట్టారు. లోహం మీద పలుచని పొర వేస్తే ఆ నష్టం ఎలా తగ్గుతుందో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో మియాగి లెక్క తేల్చారు. ఆ పొరలను సిలికా గొట్టంలో ద్రావణాలతో వేసే పద్ధతిని 1990ల్లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో హారింగ్టన్ బృందం నిలబెట్టింది. ఇంతకు మించితే తయారీకి చోటు మిగలదు.

తయారీ దగ్గర మాత్రం తొందరపడకు. గొట్టం లోపలి వ్యాసం సాధారణంగా 250 నుంచి 1000 మైక్రాన్లు. బయట పాలిమర్ పూత ఉంటుంది. అది గీతలు పడకుండా, తేమ తగలకుండా కాపాడుతుంది. గీత పడిన సిలికా వంచగానే ఆ గీత దగ్గరే విరుగుతుంది.

మొదటి మెట్టు వెండి పూత. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో అమ్మోనియా చుక్కలు చుక్కలుగా పోస్తే ముందు గోధుమరంగు మడ్డి వస్తుంది. ఇంకా పోస్తే అది కరిగి ద్రావణం తేటపడుతుంది. అక్కడ ఆపాలి. వేరే సీసాలో గ్లూకోజ్ ద్రావణం ఉంటుంది. రెండూ కలిస్తేనే వెండి విడివడి గోడకు పూతగా పడుతుంది. అయినా రెండింటినీ ముందే కలపరు. గొట్టం మొదట్లో ఇంగ్లిష్ T అక్షరం ఆకారపు జాయింట్ దగ్గర కలిసేలా పంపుతో నడిపిస్తారు. ముందే కలిపితే వెండి సీసాలోనే రేణువులై, అవి సన్నని గొట్టాన్ని మూసేస్తాయి. ద్రావణం ముందుకు పోయేకొద్దీ వెండి తరుగుతుంది కాబట్టి, ప్రవాహం నెమ్మదైతే మొదట్లో పూత మందంగానూ చివర్లో పలుచగానూ పడుతుంది. వ్యాసం సగమైతే ప్రవాహానికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. సన్నని గొట్టాన్ని పొడుగ్గా చేయడం ఎందుకు కష్టమో ఈ ఒక్క అంకె చెబుతుంది.

తర్వాత నీళ్లతో కడిగి, గాలి పంపి పూర్తిగా ఆరబెట్టాలి. ‘పూర్తిగా’ అన్న మాట వదలకు. తర్వాత పంపేది సైక్లోహెక్సేన్‌లో కరిగించిన అయొడిన్. సైక్లోహెక్సేన్ నీటితో కలవదు. తడి మిగిలినచోట అయొడిన్ వెండిని చేరలేదు, అక్కడ మచ్చ ఉండిపోతుంది.

నీ చిత్తుప్రతిలో నాకు బాగా లోటనిపించింది ఇక్కడే. ‘వెండి మీద అయొడైడ్ పూస్తారు’ అని రాశావు. పూయరు. ఉన్న వెండిలోనే కొంత అయొడైడ్‌గా మారుతుంది. కాబట్టి వెండికి లెక్క ఉండాలి, ఆ లెక్క వేసి చూపించు. సిల్వర్ అయొడైడ్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 2.1 అనుకుంటే, 10.6 మైక్రాన్ల కాంతికి తగిన పొర మందం దాదాపు 0.9 మైక్రాన్. వెండి అయొడైడ్‌గా మారితే ఘనపరిమాణం సుమారు 4 రెట్లవుతుంది. అంటే 0.9 మైక్రాన్ పొరకు 0.22 మైక్రాన్ వెండి ఖర్చు. అడుగున అద్దంలా పనిచేయడానికి ఇంకో 0.1 మైక్రాన్ మిగలాలి. కనుక మొదట 0.32 మైక్రాన్‌కు తక్కువ కాకుండా వెండి పడాలి. తక్కువ పడితే అయొడిన్ గాజుదాకా తినేస్తుంది. అలాగని ఎక్కువ వేస్తే వెండి గరుకు తేలి కాంతిని చెదరగొడుతుంది. ఈ ఇరుకే నీ రచనకు ప్రాణం. పళ్లవైద్యంలో వాడే 2.94 మైక్రాన్ల ఎర్బియం యాగ్ లేజర్‌కైతే పొర 0.25 మైక్రాన్ చాలు, వెండి ఖర్చు 0.06. కానీ తరంగం పొట్టిది కాబట్టి గరుకు మీద అదే ఎక్కువ చెదురుతుంది.

నష్టం గురించి ‘చాలా తక్కువ’ అని తేల్చేయకు. అది వ్యాసార్ధం ఘనానికి విలోమంగా మారుతుంది. వ్యాసం సగం చేస్తే నష్టం 8 రెట్లు. వంపు పెట్టినా పెరుగుతుంది, వంపు ఎంత బిగిస్తే అంత. నష్టాన్ని కొలిచే ప్రమాణమైన డెసిబెల్‌ను వాట్లలోకి మార్చి చూపించు. మీటరుకు 0.5 డెసిబెల్ నష్టమున్న 2 మీటర్ల గొట్టంలోకి 20 వాట్లు పంపితే బయటికి వచ్చేవి దాదాపు 16. మిగతా 4 వాట్లలో చాలా భాగం గోడలో వేడవుతుంది. లేజర్‌ను లోపలికి పంపే కొలతా చెప్పాలి. కాంతి మచ్చ వ్యాసం గొట్టం వ్యాసంలో 0.64 వంతుంటే అతి తక్కువ నష్టమున్న మోడ్‌లోకి (మోడ్ అంటే గొట్టంలో కాంతి సాగే ఒక తీరు) ఎక్కువ కాంతి వెళుతుంది. 700 మైక్రాన్ల గొట్టానికి అది సుమారు 450 మైక్రాన్లు. మచ్చ పెద్దదైతే గొట్టం అంచు కాలుతుంది. మరీ చిన్నదైతే నష్టం ఎక్కువుండే మోడ్‌లు లేస్తాయి.

జాగ్రత్తలను చివర్లో చిన్న అక్షరాల్లో పెట్టావు. వాటిని ఆయా మెట్ల దగ్గరికి తీసుకురా. అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని నిల్వ ఉంచితే పేలే పదార్థం ఏర్పడుతుంది. కావలసినప్పుడే కలపాలి, పని అయిన వెంటనే ఆమ్లం పోసి ఆ ప్రమాదం లేకుండా చేసి, వెండి వ్యర్థాల డబ్బాలో వేయాలి. ఇది ద్రావణం కలిపే పేరాలోనే ఉండాలి. సైక్లోహెక్సేన్ మంటంటుకుంటుందని, దాన్ని పొగగూడు (ఆవిరిని బయటికి లాగేసే ప్రయోగశాల గూడు, ఫ్యూమ్ హుడ్) కిందే వాడాలని అయొడిన్ పేరాలో రాయి. 10.6 మైక్రాన్ల కాంతి కంటికి కనబడదు. అందుకు తగిన కళ్లద్దాలు పెట్టుకోకుండా గొట్టం చివర వైపు ఎవరూ ఉండకూడదని లేజర్ పేరాలో రాయి. నీ వ్యాసం చూసి ఎవరో ఒక విద్యార్థి ప్రయోగశాలలో చేసి చూడొచ్చు.

సవరించిన ప్రతి పంపేటప్పుడు వెండి లెక్క వేసిన కాగితం కూడా జతచెయ్యి. అంకెలు ఇద్దరం సరిచూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు