గాజు గదికి కప్పు మారిస్తే కూర్చోగలమా?

ప్రశ్న: నమస్తే అండి. మా ఇంటి వెనక గోడకి ఆనుకుని ఒక కన్జర్వేటరీ ఉంది, మూడు పక్కలా అద్దాలు, పైన పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీట్లు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ఎండాకాలం మధ్యాహ్నం అందులో కాలు పెట్టలేం, చలికాలం హీటర్ వేసినా చేతులు కొంకర్లు పోతాయి, వాన మొదలైతే ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా వినపడదు. చివరికి బట్టలారేసుకునే గది అయి కూర్చుంది. ఒకాయనేమో పై షీట్లు తియ్యక్కర్లేదు, కింద నుంచి ఇన్సులేషన్, అంటే వేడీ చలీ దాటకుండా ఆపే పొర పెట్టి జిప్సం బోర్డు కొట్టేస్తే సగం ఖర్చులో అయిపోతుందన్నాడు. ఇంకొకాయన మొత్తం పీకేసి టైల్స్ కప్పు వెయ్యాలంటాడు. మావారు అద్దాలే వేయిద్దాం, లేకపోతే వెలుతురు పోతుందంటారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ముందు ఆ సగం ఖర్చు ఆయన్ని పంపించెయ్యండి. పాత షీట్లు అలాగే ఉంచి కింద బోర్డు కొట్టేస్తే మొదట్లో హాయిగానే ఉంటుంది, అక్కడే అందరూ మోసపోతారు. గదిలో మనం వదిలే ఊపిరి, మీరారేసే తడి బట్టలు, ఆ తేమంతా లైట్ల చిల్లుల్లోంచీ బోర్డు జాయింట్లలోంచీ పైకి పోయి చల్లటి షీటు అడుగున నీటిబొట్లయిపోతుంది. కింద సీలింగ్ ఉంది కాబట్టి ఎవరికీ కనపడదు. వాసాలు నానుతాయి, ఇన్సులేషన్ తడిసి పనికిరాకుండా పోతుంది, సీలింగ్ మీద పసుపు మరకలు గుండ్రంగా తేలేసరికి లోపల బూజు పట్టేసి ఉంటుంది. పద్ధతిగా చేసేవాళ్ళు గది వైపు తేమ దాటకుండా ఒక షీటు పరుస్తారు, ఇన్సులేషన్ పైన 50 మిల్లీమీటర్ల సందు వదిలి చూరు దగ్గర గాలి లోపలికొచ్చి పైన బయటికి పోయేలా చూస్తారు. ఆయన్ని ఆ సందు ఎక్కడ పెడతావని ఒక్కసారి అడిగి చూడండి, నీళ్ళు నములుతాడు.

ఇక అసలు గది ఎందుకలా ఉడికిపోతుందో చూద్దాం. నడినెత్తిన ఎండ నిటారుగా పడితే చదరపు మీటరుకి దాదాపు 1000 వాట్లు. మీ కప్పు 12 చదరపు మీటర్లనుకోండి, అందులో సగం లోపలికొచ్చినా 6000 వాట్లు, అంటే 2 కిలోవాట్ల హీటర్లు మూడు, అదీ మండుటెండలో! చలికాలం లెక్క తిరగబడుతుంది. 16 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ షీటు అయితే లోపలికీ బయటికీ ప్రతి డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి సుమారు 2.4 వాట్లు వదిలేస్తుంది, మంచి డబుల్ గ్లేజింగ్, అంటే మధ్యలో సందుతో రెండేసి అద్దాలు, 1.2 దగ్గర, బాగా ఇన్సులేషన్ పెట్టిన గట్టి కప్పు, అంటే ఆ రెండో ఆయన చెప్పిన టైల్స్ కప్పులాంటిది, 0.18 దగ్గర. 15 డిగ్రీల తేడా ఉన్న రాత్రి మీ కప్పులోంచి పోయేది షీట్లయితే 430 వాట్లు, అద్దాలయితే 215, గట్టి కప్పయితే 30 పైచిలుకు, అంతే.

కాబట్టి సాయంత్రాలు కూర్చోడానికి, పిల్లలు చదువుకోడానికి, ఏడాదంతా వాడుకునే గది కావాలంటే నా ఓటు గట్టి కప్పుకే, వాన చప్పుడు కూడా బాగా తగ్గిపోతుంది. మొక్కలు పెట్టుకుని పొద్దున్న కాసేపు కూర్చుంటే చాలనుకుంటే మీవారన్నట్టు అద్దాలు వేయించండి, కానీ ఎండ వేడిని తిప్పికొట్టే కోటింగ్ ఉన్నవి, మామూలువి కాదు. గట్టి కప్పు వేసినా ఆయన భయం ఉత్తది కాదండోయ్, చీకటి పడేది ఈ గదికన్నా దీని వెనకున్న గదికే ఎక్కువ, అందుకని ఇంటి గోడకి దగ్గరగా పైకప్పులో రెండు స్కైలైట్లు, అంటే కప్పు కిటికీలు పెట్టించండి, తెరుచుకునేవైతే వేడి గాలి కూడా బయటికి పోతుంది. ఒకటి మాత్రం ముందే చెప్తున్నా, పడమటి వైపు అద్దాలుంటే సాయంత్రం ఏటవాలు ఎండ పక్కనుంచి వస్తుంది, దానికి ఏ కప్పూ ఏం చెయ్యలేదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బరువు, దాని గురించి మీరు చెప్పిన ఇద్దరూ నోరెత్తినట్టు లేదు. పాలీకార్బొనేట్ చదరపు మీటరుకి 3 కిలోల లోపే, గాజు మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు, అంటే 4 మిల్లీమీటర్ల అద్దాలు రెండు కలిస్తే 20 కిలోలు, మామూలు కాంక్రీటు పెంకులైతే ఇన్సులేషనూ చెక్కా లెక్కెయ్యకుండానే 40 దాటతాయి. మీ ఫ్రేము ఆ 3 కిలోల కోసం నిలబెట్టింది. మూల స్తంభాల్లో స్టీలు ఉందో, ఉత్త ప్లాస్టిక్కో ఇంజనీరుతో చూపించండి. ఈలోగా మీరే ఒక పని చెయ్యండి, ఇంటి గోడకీ కన్జర్వేటరీ ఫ్రేముకీ మధ్య అతుకు దగ్గర నిలబడి పైనుంచి కిందకి చూడండి, కింద సన్నగా ఉన్న సందు పైకి పోయేకొద్దీ వెడల్పయిందా, అందులో రూపాయి బిళ్ళ దూరుతోందా, తలుపు ఈ మధ్య నేలకి రాసుకుంటోందా? అలా ఉంటే పునాది ఇప్పటికే దిగుతోందన్న అనుమానం పెట్టుకోండి, ఆ సంగతి తేలకుండా పైన కొత్త బరువు ఎక్కించొద్దు. గట్టి కప్పంటే మీరుండే చోట అనుమతి తీసుకోవాల్సి రావచ్చు, అదీ అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి.

ప్రశ్న: మాదీ ఇలాంటి గదే, కప్పు మార్చే స్తోమత ఇప్పుడు లేదు. లోపల కర్టెన్లు కట్టాం, వేడి తగ్గలేదు. సన్ ఫిల్మ్ అంటించమంటారా?

జవాబు: కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే అద్దం దాటేసింది కదండీ, చాలావరకు లోపలే వేడై కూర్చుంటుంది. నీడ బయట కట్టండి, కప్పు పైనుంచి షేడ్ నెట్టో, తీసి పెట్టుకునే గుడ్డ పందిరో. కిందొక కిటికీ, పైన వీలైనంత ఎత్తులో ఇంకోటీ తెరిస్తే వేడి గాలి దానంతటదే పైకి పోతుంది. ఫిల్మ్ పనిచేస్తుంది గానీ డబుల్ గ్లేజింగ్ మీద వేడిని పీల్చుకునే రకం అంటిస్తే అద్దం మధ్య ఒకలా, అంచులు ఒకలా వేడెక్కి చిట్లే ప్రమాదం ఉంది. మీ అద్దానికి ఏ ఫిల్మ్ పడుతుందో అమ్మేవాడి చేత రాయించుకుని అప్పుడు అంటించుకోండి.