గిటార్, సోల్డరింగు, మన ఎండలు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(అనంతపురం టవర్ క్లాక్ దగ్గర రేడియో, ఆంప్లిఫయర్ల రిపేరు షాపు నడిపే మా మెకానిక్ జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. ఇంజనీరింగ్ చదువుతున్నా. పాత హోమ్ థియేటర్‌లోంచి తీసిన 4440 బోర్డు ఉంది. ఫోన్ పెడితే పాటలు బ్రహ్మాండంగా వస్తాయి. ఎలక్ట్రిక్ గిటార్ పెడితే మాత్రం గోనెసంచి కప్పి వాయించినట్టు మొద్దుగా ఉంటోంది. ఎక్కువ వాట్ల బోర్డు కొనాలా?

జవాబు: డబ్బులు జేబులోనే పెట్టుకో తమ్ముడూ. బోర్డుకేం కాలేదు. ఎల్ఏ4440 అంటే వినాయక చవితి పందిట్లోనూ, ఆటోలోనూ ఎన్నేళ్లుగానో మోగుతున్న ఆంప్లిఫయర్ ఐసీ. దానికి గిటార్ సంగతి తెలియదు, అంతే.

ఫోన్ సిగ్నల్‌కు దమ్ముంటుంది. బోర్డు మీదున్న 10కె (10 వేల ఓమ్‌ల) వాల్యూమ్ కంట్రోల్‌ను అది లెక్కచేయదు. గిటార్‌లో తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్ అలా కాదు. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్న రాగితీగను వేల చుట్లు చుట్టిన కాయిల్ అది. మీటర్ పెడితే 6కె, 8కె చూపిస్తుంది గానీ, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దాని ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు అడ్డుపడే గుణం) ఎన్నో రెట్లు పెరుగుతుంది. తీసుకెళ్లి 10కెకి తగిలిస్తే ట్రెబుల్ (కీచు స్వరాలు) అంతా అక్కడే చస్తుంది. గిటార్‌కు ఎదురుగా 1 మెగాఓమ్ ఉండాలి.

కాబట్టి గిటార్‌కూ బోర్డుకూ మధ్యలో సిగ్నల్‌ను ముందే పెంచే చిన్న ప్రీఆంప్ కట్టు. టీఎల్072 ఐసీ తీసుకో. 8వ కాలుకు (పిన్నుకు) 12 వోల్టులు, 4వ కాలుకు గ్రౌండ్. రెండు 10కె రెసిస్టర్లతో 12ను సగం చేసి, ఆ 6 వోల్టుల పాయింటు నుంచి గ్రౌండ్‌కు 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్యి. అదే పాయింటు నుంచి 1 మెగాఓమ్ ద్వారా 3వ కాలుకు ఇవ్వు. గిటార్ సిగ్నల్ 223 నంబరు (0.022 మైక్రోఫారడ్) కెపాసిటర్ గుండా ఆ 3వ కాలుకే వస్తుంది. 1వ కాలు నుంచి 2వ కాలుకు 100కె రెసిస్టర్. 2వ కాలు నుంచి గ్రౌండ్‌కు 10కె రెసిస్టర్, దానికి సిరీస్‌లో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్. చాలామంది ఈ కెపాసిటర్ దండగనుకుని ఎగ్గొడతారు. అది లేకపోతే ఐసీ ఆ 6 వోల్టులను కూడా పదకొండు రెట్లు చేయబోయి అవుట్‌పుట్ పైకి పోయి అతుక్కుంటుంది, సౌండే రాదు. 1వ కాలు నుంచి ఇంకో 1 మైక్రోఫారడ్ ద్వారా మీ బోర్డుకు ఇవ్వు. వాడని రెండో సగాన్ని గాలికి వదలకు: 6, 7 కాళ్లు కలిపేసి, 5ను ఆ 6 వోల్టుల పాయింటుకు కట్టు.

టీఎల్072 దొరకలేదా? హోమ్ థియేటర్ టోన్ బోర్డు చూడు, 4558 ఉండే అవకాశం ఎక్కువ. కాళ్ల వరుస అదే. ట్యూబ్ స్క్రీమర్ అనే గిటార్ పెడల్‌ను అంత పేరున్నదాన్ని చేసింది ఈ జాతి ఐసీనే, చిన్నచూపు చూడొద్దు. కొత్తవే కావాలంటే మీ వైపు వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు, లేదంటే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ.

ఇంకొక్క మాట. బాక్సులో ట్వీటర్ ఉంటే వైరు పీకెయ్. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది. డిస్టార్షన్ (కావాలని చీల్చిన గరగర స్వరం) చెవికి ఇంపుగా ఉండేది ఆ లోపం వల్లే. ట్వీటర్‌లో అదే డిస్టార్షన్ వింటే రేకు మీద మేకు గీసినట్టే.

ప్రశ్న: టీడీఏ2030 ఐసీతో ఆంప్ కట్టి ఇనుప డబ్బాకు బిగించాను. స్విచ్ వెయ్యగానే ఫట్‌మని పోయింది. నకిలీ ఐసీనా? – తాడిపత్రి

జవాబు: నకిలీలు బోలెడున్నాయి, కాదనను. కానీ నీది 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తో ప్లస్-మైనస్ సప్లై అని రాశావు. ఈ ఐసీ వీపున ఉన్న రేకు లోపల 3వ కాలుకే, అంటే మైనస్ సప్లైకే కలిసి ఉంటుంది. డబ్బా ఏమో గ్రౌండ్. నేరుగా బిగిస్తే షార్టే. మధ్యలో మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వెయ్యి. కొత్తగా కట్టిన దేన్నైనా మొదటిసారి 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును కరెంటు వైరుకు సిరీస్‌లో పెట్టి వెలిగించు. ఒక్కసారి మెరిసి తగ్గితే సరే. అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపెయ్.

ప్రశ్న: రిటైరైన ఉద్యోగిని. పాత ట్రాన్సిస్టర్ రేడియోలోని ఏసీ128 ట్రాన్సిస్టర్లతో, గిటార్ స్వరాన్ని గరగరలాడించే ఫజ్ ఫేస్ పెడల్ కట్టాను. డిసెంబర్‌లో బాగా మోగింది. ఏప్రిల్ వచ్చేసరికి స్వరం చిటపటలాడి మధ్యలోనే తెగిపోతోంది. – కర్నూలు

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషమేసింది సార్. ఏసీ128లు ఇంకా దాచిపెట్టుకున్నవాళ్లు ఉన్నారన్నమాట! మీ పనితనంలో లోపం లేదు. ఏసీ128 జర్మేనియంది. దాని లీకేజీ కరెంటు (ఊరికే కారిపోయేది) ఇంచుమించు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. శీతాకాలం రాత్రి 18 డిగ్రీల్లో సరిచేసిన సర్క్యూట్‌ను 42 డిగ్రీల మధ్యాహ్నం వాయిస్తే లీకేజీ అయిదింతలు. ట్రాన్సిస్టర్‌ను సరైన స్థితిలో నిలిపే బయాస్ ఇక ఎక్కడ నిలుస్తుంది? ఫజ్ ఫేస్ 1966లో లండన్‌లో పుట్టింది, అక్కడి చలికి సరిపోయింది. అయినా తయారుచేసినవాళ్లే కొన్నేళ్లకు సిలికాన్‌కు మారారు.

రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కున్న 8.2కె రెసిస్టర్ తీసి 20కె ప్రీసెట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్) పెట్టండి. కలెక్టర్ దగ్గర మీటర్‌లో 4.5 వోల్టులు వచ్చేదాకా తిప్పండి, గుర్తు మైనస్ చూపించినా ఫరవాలేదు. ఎండాకాలానికోసారి, చలికాలానికోసారి తిప్పుకోవాల్సిందే. ఇది విసుగనిపిస్తే బీసీ108 సిలికాన్ ట్రాన్సిస్టర్లతో ఇంకోటి కట్టండి. అది ఎన్‌పీఎన్ (ఏసీ128కు ప్లస్, మైనస్ తలకిందులు) కనుక బ్యాటరీ, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు తిరగేయాలి. నన్నడిగితే రెండూ ఉంచుకోమంటాను. జర్మేనియం మెత్తదనం సిలికాన్‌కు రాదు. ఒక జాగ్రత్త: మీ పాత పెడల్‌లో ప్లస్సే గ్రౌండ్. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ నుంచి కరెంటివ్వొద్దు, షార్టవుతుంది. దానికి విడిగా బ్యాటరీయే మేలు.

ప్రశ్న: చర్చిలో గిటార్ వాయిస్తూ పాడతాను. చెయ్యి తీగల మీదుంటే గుయ్యిమనడం తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. ఈ మధ్య తీగలు చురుక్కుమంటున్నాయి. భయంగా ఉంది. – గుంతకల్లు

జవాబు: మొదటిదానికి టెన్షన్ వద్దమ్మా. తీగలు బ్రిడ్జి ద్వారా గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి, చెయ్యి పెడితే నీ ఒంటికి తగిలే హమ్ (ఆ గుయ్యిమనే శబ్దం) కూడా గ్రౌండ్‌లోకి పోతుంది. గిటార్ లోపలి గుంతకు రాగి రేకు అంటించి గ్రౌండ్ చేయిస్తే ఇంకా తగ్గుతుంది.

రెండోదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రెండు పిన్నుల అడాప్టర్ల నుంచి కొద్దిగా లీకేజీ వస్తుంది, అదైతే పెద్ద ప్రమాదం కాదు. కానీ ఆంప్‌కు మూడు పిన్నుల ప్లగ్గుండి కూడా చురుక్కుమంటే ఎర్త్ లేదని అర్థం. మన జిల్లాలో వేసవిలో ఎర్త్ గుంత ఎండి రాయవుతుంది. ఉప్పు, బొగ్గు వేసి నింపిన గుంతైనా నీళ్లు పోయకపోతే పనిచేయదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడమను. ఒకటి రెండు వోల్టులు దాటి ఉంటే బాగుచేయించాలి. ప్లగ్గులోనే ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేస్తానని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన రోజు గిటార్ తీగల్లోకి 230 వోల్టులు వస్తాయి. మైకు పెదవికి ఆనించి పాడే మనిషివి నువ్వు. ఇది సరయ్యేదాకా ఆ ఆంప్ ముట్టుకోకు.

ప్రశ్న: ఇంట్లో ప్రాక్టీసుకు ఎన్ని వాట్లు కావాలి? – ఆదోని

జవాబు: ఒక్క వాటు కూడా ఎక్కువే. ఎల్ఎం386 అనే చిన్న ఆంప్ ఐసీ, 9 వోల్టుల బ్యాటరీ, మంచి 8 ఓమ్‌ల స్పీకర్ చాలు. 1, 8 కాళ్ల మధ్య ఏమీ లేకపోతే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో) 20, అక్కడ 10 మైక్రోఫారడ్ వేస్తే 200. ఇంట్లోవాళ్ల ఓపికను బట్టి ఎంచుకో.