ఆ చెట్లు కొట్టించకండి, అవి ఓసేజ్ ఆరెంజ్

కాన్సాస్‌లో కొన్న ఇంటి వెనక వరసగా ముళ్ల చెట్లున్నాయి, మెదడులా ముడతలు పడ్డ పచ్చటి కాయలు రాలుతున్నాయి, పిల్లలకు విషమా అని అడిగారు. టెన్షన్ పడకండి. విషం కాదు, అలాగని తినే కాయా కాదు. పేరులో ఆరెంజ్ ఉన్నా ఇది మన పనసకు చుట్టం. కోస్తే అలాగే పాలు కారతాయి, కొందరికి దురద పెడుతుంది. ఏరేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.

ఆ వరస బహుశా పాతకాలపు రైతులు నాటిన కంచె. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ఇనుప ముళ్లతీగకు పేటెంట్ వచ్చి, ఆ తీగ ఊరూరా పాకేదాకా పశువుల్ని ఆపింది ఈ చెట్లే. తర్వాత కూడా తీగ కట్టే గుంజలు దీనివే, ఏళ్ల తరబడి మట్టిలో ఉన్నా పుచ్చవు. అంతకు చాలా ముందే అమెరికా ఆదివాసులైన ఓసేజ్ తెగవాళ్లు దీంతో విల్లులు చేసేవారు. ఫ్రెంచివాళ్లు దీన్ని ‘బ్వా దార్క్’, అంటే విల్లుకర్ర అన్నారు.

ఎండు కొమ్మ ఒకటి కోసి చూడండి, లోపల పసుపుకొమ్ములా మెరుస్తుంది. దాన్నుంచి రంగు కూడా తీసేవారు. వెలుతురు తగిలేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది.

ఒక్క జాగ్రత్త: ఆ కట్టెను ఇంట్లో తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్‌లో మాత్రం వేయకండి. వేడి బాగా ఇస్తుంది గానీ నిప్పురవ్వలు విపరీతంగా ఎగురుతాయి.