పాత ఇంటి పొగగొట్టానికీ గోడలకూ మరమ్మతు చేయించాలంటే ఎలాంటి మేస్త్రీని పెట్టుకోవాలి?

నెల్లూరు శివారులో తాతల నాటి మిద్దె ఇల్లు ఉందని, వంటింటి పొగగొట్టం కింద గోడ ఏటా వానలకు చెమ్మగిల్లి పూత రాలిపోతోందని, ఈ పని గుత్తకు ఇవ్వాలా దినకూలికి చేయించాలా అని మీరు అడిగారు. గుత్తా, కూలీ అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. మిద్దె ఎక్కి చూడకముందే ధర చెప్పే మేస్త్రీని ముందుగా పంపించివేయండి. అది సున్నపు గోడో కాదో చూడకుండా సిమెంటు బస్తాల లెక్క చెప్పేవాడినీ పెట్టుకోకండి. ఇంత గట్టిగా చెప్పడానికి బుచ్చిరెడ్డిపాళెంలోని మా అత్తగారి ఇల్లే కారణం.

స్వాతంత్ర్యానికి ముందు కట్టిన ఇల్లు అది. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలబెట్టి, ఏటవాలుగా పేర్చి, సున్నంతో బిగించిన మద్రాసు మిద్దె. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో పొగ పోవడానికి కట్టిన ఇటుక గొట్టం మిద్దెపైన ఇంకా నిలిచే ఉంది. గ్యాసు వచ్చాక పొయ్యి తీసేశారు కాని, గొట్టం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గోడ చెమ్మ పట్టినప్పుడు మా బావగారు ఒక కాంట్రాక్టరును పిలిపించారు. ఆయన వాకిట్లో నిలబడి తల పైకెత్తి చూసి, గుత్త ధర చెప్పి, మరునాడే మనుషులను దింపాడు. గొట్టానికి బయట మందంగా సిమెంటు పూసి, పైన నాపరాయి పరిచి సందు లేకుండా మూసి, వంటింటి గోడకు లోపల నీరు పట్టని మందు కలిపిన సిమెంటు పూత వేయించాడు. చూడడానికి కొత్త గోడలాగే ఉండింది. ఆ కార్తీకమాసపు వానలకు చెమ్మ మునుపటికంటే పైకి, ఛాతీ ఎత్తు దాకా పాకింది; తెల్లని రంగు మీద గోధుమరంగు మరకలు ధారలు కట్టాయి.

సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. సిమెంటు పూతలో సన్నని నెరియలు పడక మానవు. వాటిలోంచి లోపలికి దిగిన నీటికి తిరిగి బయటికి పోయే దారి ఉండదు. నీటితో పాటు గోడలోని ఉప్పు కూడా ఇటుక ముఖానికి చేరి గడ్డకట్టి, ఇటుకను పెచ్చులు పెచ్చులుగా రాలగొడుతుంది. పాత ఇటుక మెత్తనిది. దాని మధ్య సందుల్లో ఇటుకకంటే గట్టి మాలు, అంటే ఇటుకలను అతికే ముద్ద, పెడితే దెబ్బతినేది ఇటుకే. ఇక ఆ గోధుమరంగు మరకలు ఏళ్ల తరబడి గొట్టంలో పేరుకున్న కట్టెల మసివి. మసి నానితే ఎన్ని పూతల రంగు వేసినా పైకి తేలుతుంది.

తర్వాత మా అత్తగారు పట్టుబట్టి, గుళ్ల ప్రాకారాలకు సున్నపు పని చేసే ఒక ముసలి బేల్దారి మేస్త్రీని పిలిపించారు. ఆయన వస్తూనే మిద్దె ఎక్కి, చెంబుతో నీళ్లు అడిగి తీసుకుని, గొట్టం మిద్దెను కలిసే మూలలో మెల్లగా పోసి, చాలాసేపు అక్కడే గొంతుకు కూర్చున్నారు. నీళ్లు తూము వైపు పోకుండా మూలలోకి ఇంకిపోయాయి. ఆపైన తాపీ మొనతో ఇటుకల సందులో గీకి, రాలిన పొడిని వేళ్ల మధ్య నలిపి, కొంచెం నాలుకకు రాసుకుని ఉమ్మేశారు. మూత రాయిని జరిపించి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, తడిసి ముద్దయిన మసిని తీసి మాకు చూపించారు. "దీనికి మళ్లీ సిమెంటు పెట్టబాకండమ్మా, గోడకు ఊపిరి ఆడటంలా" అన్నారు. ధర మాత్రం ఆ రోజు చెప్పలేదు. సిమెంటు పెచ్చు కొంత కొట్టి లోపలి ఇటుక ఎలా ఉందో చూశాకే చెబుతానన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఆయన సిమెంటు పూతంతా ఒలిపించి, మసి గీకించి, ఇటుకల సందులను అంగుళం లోతు దాకా తవ్వించి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలిపిన మాలుతో నింపించారు. గొట్టం పైన నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టి, వాటి మీద కడప బండ పరిచి, గాలి ఆడే సందుకు జాలీ బిగించారు. మిద్దెను కలిసే మూలను నీరు నిలవకుండా గుండ్రంగా గచ్చుతో తీర్చారు. 2021 నవంబరులో జిల్లా అంతటినీ ముంచెత్తిన వానల్లో కూడా ఆ గోడ నిలబడింది.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. పాత ఇల్లు అనగానే ఇంజనీరు పడగొట్టమంటాడు, హార్డ్‌వేర్ దుకాణం వాడు మందు డబ్బా చేతిలో పెడతాడు, రంగుల వాళ్లు పుట్టీ పట్టమంటారు. ఒకప్పుడు పులికాట్ గుల్లలు కాల్చి సున్నం చేసిన ప్రాంతం మనది. గానుగలో సున్నం నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి కట్టిన గోడలు ఊరూరా ఉండగా, ఆ పని తెలిసిన మనిషి కోసం వెతుక్కోవలసి రావడం చాలా అన్యాయం. అలాంటివారు అడ్డా మీద దొరకరు. గుళ్లకు, మసీదులకు మరమ్మతులు చేయించిన పెద్దలను అడగండి. వాళ్లు చెప్పిన మేస్త్రీ చేసిన పనుల్లో కనీసం రెండు వానాకాలాలు దాటినదాన్ని స్వయంగా వెళ్లి చూడండి.

గుత్త విషయానికి వస్తే, పరంజా కట్టడం, పూత వేయడం గుత్తకు ఇవ్వవచ్చు. పాత మాలు తవ్వి సందులు నింపే పని మాత్రం దినకూలికే చేయించండి. ఎంత తవ్వాలో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి, గుత్తకు తీసుకున్నవాడు పైపైన గీకి పూసేస్తాడు. సామాను మీరే కొనండి. సున్నాన్ని ముందుగానే తడిపి కనీసం రెండు వారాలు నానబెట్టించండి. ఇసుకను జల్లెడ పట్టించండి, సముద్రపు ఒడ్డు ఇసుకను దగ్గరికి రానివ్వకండి.

మన జిల్లాకు ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి, సున్నం గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుచేత సంక్రాంతి వెళ్లగానే పని మొదలుపెట్టి, ఎండలు ముదరకముందే ముగించండి. తడి గోనెపట్టాలు కప్పి ఉంచకపోతే మన ఎండకు సున్నం బిగియకముందే ఆరి పొడిగా రాలుతుంది. ఈ ఏడాది వానలు ఇప్పటికే దగ్గరపడి ఉంటే, గొట్టం మీద గాలి ఆడేలా ఒక రేకు ఎత్తి కట్టించి, మూలలో నీరు నిలవకుండా తూము శుభ్రం చేయించి, మిగిలిన పనిని జనవరికి వాయిదా వేయండి.