ఫాస్ఫేట్ బఫర్ పీహెచ్ 7.4 రావడం లేదా? ఇలా చేసి చూడు

తమ్ముడూ, రాయగడలో మీ కాలేజీ ల్యాబ్‌లో 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ సులువుగా మారకుండా పట్టి ఉంచే ద్రావణం) చేస్తే 7.4 బదులు 7.0 వస్తోందని రాశావు. స్టాండర్డ్ బఫర్‌లో మీటర్ సరిగ్గానే ఉందన్నావు కాబట్టి తప్పు దానిది కాదు, నీ లెక్కదీ కాదు. పుస్తకంలో ఇచ్చే పీకేఏ (రెండు ఫాస్ఫేట్లూ సమానంగా ఉన్నప్పుడు వచ్చే పీహెచ్) 7.2 బాగా పలుచని ద్రావణానిది. ఈ గాఢతలో అయాన్ల ప్రభావం వల్ల అది దాదాపు 6.8కి దిగిపోతుంది. అందుకే నువ్వు డైసోడియం, మోనోసోడియం ఫాస్ఫేట్లు కలిపిన 61:39 పాళ్లు చాలలేదు. డైసోడియం ఫాస్ఫేట్ 81 మి.లీ., మోనోసోడియం 19 మి.లీ. కలుపు, రెండూ 0.1 మోలార్‌వే. బరంపురంలో బయోకెమిస్ట్రీ చదివేటప్పుడు నేనూ ఇక్కడే రెండు రోజులు తిప్పలు పడ్డాను. ఇంకా కాస్త తక్కువ చూపిస్తే డైసోడియం చుక్క చుక్కగా వేస్తూ, కలుపుతూ, అంకె నిలబడేదాకా ఆగు. రికార్డులో ఆ 7.0ని మాత్రం కొట్టెయ్యకు, కారణంతో సహా రాయి. వైవాలో అడగొచ్చు.