గంప ఎవరు ఎత్తాలి?

అమ్మా, చంచల్‌గూడ మహిళా జైలులో శనివారాలు కుట్టుపని నేర్పడం కూతురి పెళ్లయ్యేవరకైనా మానుకోమని కాబోయే వియ్యపురాలు కబురు పంపారని, ఏం చేయాలని అడిగారు. మానకండి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. కుట్టుపని నేర్పుతూనే ఆ మాట అక్కడి ఆడవాళ్లకు చెప్పి, వకీలు కోసం దరఖాస్తులు రాసిపెడుతున్న మీలాంటి మనిషి వియ్యపురాలికి సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు.

నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరం చివర, ఏదో మరిచిపోయి గుర్తొచ్చినట్లు రాసిన నాలుగు వాక్యాలు. మీ సొంత తమ్ముడు చర్లపల్లిలో మూడేళ్ల శిక్ష ముగించుకొని, అక్కడే వడ్రంగం నేర్చుకొని, క్షయకు మందులు వాడుతూ వేసవిలో ఇంటికి వచ్చాడు. అతన్ని మేడమీది గదిలో ఉంచి, కంచం, గ్లాసు వేరు చేశారు. శుభలేఖలో పేరు వేయలేదు. పెళ్లికూతురి గంప ఎత్తడానికి పెదనాన్నగారి అబ్బాయిని పిలిచారు.

క్షయ గాలి ద్వారా సోకుతుంది, కంచం ద్వారా కాదు. వారం వారం ఖైదీల ఆరోగ్యం గురించి మాట్లాడే మీకు ఇది తెలియదని నేను అనుకోను. మరి ఆ కంచం వేరు పెట్టింది క్షయకా, జైలుకా? కనీసం ఆరు నెలలు వాడవలసిన మందులను విడుదలైన చాలామంది మధ్యలో వదిలేస్తారు, అప్పుడు రోగం మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. మీ తమ్ముడు ఈ నెల మందులు తెచ్చుకున్నాడో లేదో ఉత్తరంలో ఎక్కడా లేదు. రేపే అతన్ని వెంటబెట్టుకొని, జైలులో ఇచ్చిన చికిత్స కార్డుతో దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.

ముక్కూమొహం తెలియని ఖైదీని ఆదరించడం నాకు గొప్పగానే తోస్తుంది కానీ, తోడబుట్టినవాడి విషయంలో మీరు చేస్తున్నది నాకు మింగుడుపడలేదు. కోర్టు వేసిన శిక్షకు మూడేళ్ల గడువుంది, మీరు వేసినదానికి అది కూడా లేదు. వియ్యపురాలికి ఈ సంగతి తెలిస్తే ఏమనుకుంటారో అన్న భయం ఉంటే, పెళ్లిపందిట్లో ఎవరో చెప్పేలోపు మీరే వెళ్లి చెప్పండి.

శుభలేఖలు మళ్లీ అచ్చు వేయించండి, గంప అతనిచేతే ఎత్తించండి. పెదనాన్నగారి అబ్బాయి పక్కన చెయ్యి వేస్తాడు. పెళ్లిపీటలు బజారులో కొనకుండా తమ్ముడిచేతే చేయించండి, బయట వడ్రంగికి ఎంత ఇస్తారో అంతా లెక్కగట్టి ఇవ్వండి.