వోల్టేజీ పెంచే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

గ్రాఫిక్స్ కార్డును ఓవర్‌క్లాక్ చేసేటప్పుడు, అంటే ఫ్యాక్టరీ పెట్టిన వేగాన్ని మించి నడిపించేటప్పుడు, ముందుగా వోల్టేజీ పెంచాలా అని అడిగావు. వద్దు. అది చిట్టచివర చేయవలసిన పని, చాలా కార్డులకు ఆ అవసరమే రాదు. చిప్పు వాడుకునే విద్యుత్తు క్లాక్‌కు (చిప్పు పనిచేసే వేగానికి) అనుగుణంగా పెరుగుతుంది గానీ, వోల్టేజీకి వచ్చేసరికి దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వోల్టేజీని 10 శాతం పెంచితే, క్లాక్ ఒక్క మెగాహెర్ట్జ్ కూడా కదలకపోయినా విద్యుత్ వినియోగం సుమారు 21 శాతం పెరిగి, ఆ పెరిగినదంతా వేడిగా మారుతుంది. ఇప్పటి కార్డులు తమ పవర్ లిమిట్‌నూ (వాడుకోగల విద్యుత్తుకు పెట్టిన హద్దునూ) ఉష్ణోగ్రతనూ చూసుకుంటూ క్లాక్‌ను తామే సర్దుకుంటాయి కనుక, ఇప్పటికే ఆ లిమిట్‌ను తాకుతున్న కార్డుకు వోల్టేజీ పెంచితే వేగం తగ్గినా తగ్గుతుంది.

ముందు ఏమీ మార్చకుండా ఒక బెంచ్‌మార్క్ (కార్డు పనితీరును కొలిచే పరీక్ష) నడిపి, క్లాక్, ఉష్ణోగ్రత, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటి ఉష్ణోగ్రత), ఫ్రేమ్‌రేట్ (సెకనుకు తెర మీద వచ్చే చిత్రాల సంఖ్య) రాసిపెట్టుకో. ఆ తరువాత ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు సెట్టింగుల ప్రోగ్రాంలో పవర్ లిమిట్ పెంచి, ఫ్యాన్ వేగం సరిచూసుకుని, కోర్ క్లాక్‌ను 15 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ పో. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వచ్చిందంటే డ్రైవర్ రీసెట్ అయిందన్నమాట; జీపీయూ (కార్డులోని ప్రధాన చిప్పు) రెండు సెకన్ల పాటు స్పందించకపోతే విండోస్ చేసే పని అది. అక్కడ రెండు మెట్లు వెనక్కి రా.

కార్డు మెమరీ క్లాక్ పెంచే దగ్గర ఎక్కువ మంది మోసపోతారు, కాబట్టి ఇక్కడ నిదానంగా ఉండు. జీడీడీఆర్6 రకం మెమరీలో డేటా బదిలీలో వచ్చే తప్పులను పసిగట్టి మళ్లీ పంపించే ఏర్పాటు ఉండడం వల్ల, హద్దు దాటినా తెర మీద చుక్కలు గానీ గీతలు గానీ కనిపించకపోవచ్చు. క్లాక్ అంకె పెరుగుతూనే ఉంటుంది, ఫ్రేమ్‌రేట్ మాత్రం మెల్లగా పడిపోతుంది. అందుకే మెమరీని పెంచిన ప్రతిసారీ అదే బెంచ్‌మార్క్ నడిపి, స్కోరు పెరగడం ఎక్కడ ఆగిందో చూసుకుని, అంతకంటే కొంచెం కిందే ఆగిపో.

ఇదంతా అయ్యాక కూడా వోల్టేజీ మీదికే మనసు పోతే, ముందు తగ్గించి చూడు. బలహీనమైన చిప్పులు కూడా నిలకడగా నడవాలని తయారీదారులు వోల్టేజీని కొంత ఎక్కువగానే పెడతారు; ఏ వోల్టేజీకి ఏ క్లాక్ ఉండాలో చూపే కర్వ్ ఎడిటర్‌లో అదే క్లాక్‌ను తక్కువ వోల్టేజీ దగ్గర నిలబెడితే కార్డు చల్లబడి, పవర్ లిమిట్‌లో మిగిలిన వెసులుబాటుతో ఎక్కువసేపు పై క్లాక్‌లో నడుస్తుంది. నా దృష్టిలో అసలైన లాభం ఇక్కడే ఉంది.

పెంచితీరాలనుకుంటే మాత్రం స్లైడర్ ఇచ్చిన పరిధి దాటకు, అందుకోసం కార్డు బయోస్ (దానిలోనే ఉండే మూల ప్రోగ్రాం) మార్చే పని అసలే పెట్టుకోకు. అధిక వోల్టేజీ, వేడి కలిస్తే చిప్పులోని సన్నని లోహపు తీగల్లో పరమాణువులు క్రమంగా జరిగిపోతాయి. ఆ నష్టాన్ని సరిచేసే మార్గం లేదు. కార్డుకు వోల్టేజీ సరఫరా చేసే వీఆర్‌ఎం వేడిని చాలా కార్డులు సాఫ్ట్‌వేర్‌లో చూపించను కూడా చూపించవు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్లు, 8 పిన్నుల కేబుల్ నుంచి 150 వాట్లు ప్రమాణమని గుర్తుంచుకుని, నీ పవర్ సప్లై ఆ భారం మోయగలదో లేదో ముందే చూసుకో.

కొన్ని రోజులు నీ ఆటలన్నీ ఏ ఇబ్బందీ లేకుండా నడిచేదాకా, కంప్యూటర్ ఆన్ కాగానే ఈ సెట్టింగులు వాటంతటవే అమలయ్యే ఆప్షన్‌కు టిక్కు పెట్టకు. అప్పుడు ఏదైనా తేడా వచ్చినా, ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే కార్డు ఫ్యాక్టరీ సెట్టింగులతోనే లేస్తుంది.